నాలుగేళ్ళని చెప్పిన పిల్ల

1937 జూన్ 14, సోమవారం. బరంపురం

మొన్న శనివారం ఈయన ఒంటరిగా రాలేదు.

ప్రతి శనివారం సాయంత్రం ఛత్రపురం నుంచి రైల్లో వస్తారు. ఆదివారం ఉంటారు. సోమవారం తెల్లారగానే మళ్ళీ కలెక్టరు కచేరీకి. మొన్న ఆయన గొడుగు కింద ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. చంకలో చిన్న మూట. జ్వరం వచ్చి తగ్గిందని గుండు చేయించారుట, చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి.

"బాబూరావు కూతురు. మొన్న నెలాఖరుకి బాబూరావు పోయాడు భారతీ. తల్లి రెండేళ్ళ కిందటే పోయింది. ఎవరూ లేరు. మన దగ్గర ఉంచుకుందాం," అన్నారు గుమ్మంలోనే, కాళ్ళు కడుక్కోకుండా.

బాబూరావంటే పొలసరలో ఈయనతో పనిచేసిన గుమాస్తా. పేరు విన్నాను గానీ మనిషిని చూడలేదు.

"ఎన్నేళ్ళమ్మా నీకు?" అని పిల్లని అడిగాను.

"నాలుగు," అన్నారు ఈయన.

ఆ తరవాత పిల్ల నాలుగు వేళ్ళు చూపించింది. ముందు ఆయన మొహంలోకి చూసి, అప్పుడు నా మొహంలోకి చూసి.

పేరు బాలామణిట. చిన్నమ్మి అని పిలుస్తారుట.

నేనిది రాస్తున్నది బడి హాజరు పుస్తకంలో. పై అట్ట మీద మద్రాసు ప్రభుత్వం అని అచ్చయి ఉందని, కొత్తగా ఒరిస్సా రాష్ట్రం వచ్చాక పనికిరాదని పక్కన పడేశారు. హెడ్ మిస్ట్రెస్‌ని అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో దీన్ని ఎవరూ ముట్టరు. బడి లెక్కలనుకుంటారు.

జూన్ 15

పిల్ల ఇంతవరకూ ఏడవలేదు. నాలుగేళ్ళ పిల్ల కొత్త ఇంట్లో మూడు రోజులు ఏడవకుండా ఉంటుందా?

జూన్ 18, శుక్రవారం

నేను బడికి వెళ్ళినప్పుడు అత్తయ్యనీ పిల్లనీ వంటావిడ కామాక్షమ్మగారు చూసుకుంటున్నారు. అత్తయ్యకి డెబ్భై ఎనిమిది. రెండేళ్ళ నుంచి జ్ఞాపకం చెడింది. అన్నం తిని, చేయి కడుక్కుని, నాకు అన్నం పెట్టలేదని పక్కింటివాళ్ళకి చెబుతుంది. కలిపి నోట్లో పెట్టాలి. స్నానం చేయించాలి. మొండికేస్తుంది.

ఈవేళ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, గుండు నిమిరి, "అచ్చం మా అబ్బాయి మొహమేనే. ఆ నుదురు చూడు," అంది.

నేను విననట్టు పప్పు ఏరుకున్నాను. ఏరిన పప్పునే మళ్ళీ ఏరాను.

జూన్ 22

ఈ నెల బయట కూర్చోలేదు. పోయిన నెలా లేదు. ఎవరికీ చెప్పలేదు. నలభై రెండేళ్ళకి కన్నవాళ్ళు లేకపోలేదు.

జూన్ 27, ఆదివారం

నిన్న ఈయన్ని అడిగాను. ఊరికే అడిగినట్టు, తమలపాకులు తుడుస్తూ.

"పిల్ల ఏ నెల్లో పుట్టింది?"

"ఏమో. బాబూరావు చెప్పలేదు."

"జాతకం రాయించలేదా?"

"లేదనుకుంటా."

"ఏ ఏడాదో?"

"నాలుగేళ్ళని చెప్పాను కదా. ఇప్పుడివన్నీ ఎందుకు?"

కచేరీలో ఈయన పని ఏమిటి? గుమాస్తాల సర్వీసు పుస్తకాలు సరిచూడటం. ఎవడు ఏ తేదీన పుట్టాడో, ఎవడు వయసు తగ్గించి రాయించుకున్నాడో పట్టుకుంటారని పేరు. అలాంటి మనిషికి పక్కన కూర్చున్న స్నేహితుడి కూతురు ఏ ఏడాది పుట్టిందో తెలియదు.

ఇంకొకటి. కొత్త రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆయన అన్నదమ్ములిద్దరూ విశాఖపట్నం వైపు వెళ్ళిపోయారు. తెలుగువాళ్ళు చాలామంది అలాగే వెళ్ళారు. ఈయన ఇటే ఉంటానని రాసిచ్చారు. ఇక్కడైతే త్వరగా హెడ్డు గుమాస్తా అవుతానన్నారు. అవలేదు. అవుతారని నిజంగా అనుకున్నారా?

ఏడాదికి మూడు నాలుగుసార్లు పొలసర క్యాంపు. అక్కడ అంత పనేముంటుంది?

జూలై 8, గురువారం

పది సంవత్సరాలుగా ఇన్‌ఫెంటు క్లాసు చెబుతున్నాను. ఏ వయసు పిల్ల ఏం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లిదండ్రులు ఐదేళ్ళని రాయించినవాళ్ళలో ఎవరికి నాలుగున్నరో, ఎవరికి ఆరో రెండు రోజుల్లో చెప్పేస్తాను.

నిన్న పలక ఇచ్చి గుండ్రం గియ్యమన్నాను. గీసింది. చతురస్రం గీసి చూపించి, ఇలా గియ్యమన్నాను. బలపం పట్టుకుని చాలాసేపు చూసి, మళ్ళీ గుండ్రమే గీసింది. వంకరగా. నాలుగేళ్ళవాళ్ళు అలాగే గీస్తారు. సరిపోయింది.

కానీ వాళ్ళు మూలలు గీయబోయి, రాక, గుండ్రం చేస్తారు. ఈ పిల్ల చేయి ఎక్కడా తడబడలేదు. రాక గీసిన గుండ్రం వేరు, కావాలని గీసిన గుండ్రం వేరు.

జూలై 9

పొద్దున్న పూసలు ఇచ్చాను దారానికి ఎక్కించమని. మూడు ఎక్కించి, నాలుగోది కింద పడేసి, "రావట్నేదు పెద్దమ్మా," అంది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చూస్తే అత్తయ్య మెడలో పూసల దండ ఉంది. ముడి కూడా వేసి ఉంది.

"ఎవరు కట్టారు?" అని కామాక్షమ్మగారిని అడిగాను.

"నేను కాదమ్మా," అన్నారావిడ.

అత్తయ్యని అడిగాను. "మా అమ్మ కట్టింది," అంది.

జూలై 20, మంగళవారం

ఈ నెలా లేదు. చింతకాయ తినాలనిపిస్తోంది. రెండు రోజులుగా ఒళ్ళంతా ఆవిర్లు. వర్షాకాలపు ఉక్క అయి ఉంటుంది.

జూలై 24, శనివారం

లెక్క వేశాను. వేయకూడదనుకుంటూనే వేశాను.

పిల్లకి ఆరు దగ్గర పడుతూ ఉండాలి. అంటే 1931లో పుట్టింది.

1930 దసరా వెళ్ళాక ఈయనకి పొలసర బదిలీ అయింది. 32 వేసవి దాకా అక్కడే. నేను ఇక్కడ, అత్తయ్య దగ్గర. బదిలీకి ముందు, ఆ 1930 ఆగస్టులోనే పాప పోయింది. మూడు నెలల పిల్ల. మెడ నిలబెడుతోంది చూడండి అని ఈయనకి చూపించిన రెండో రోజు జ్వరం తగిలింది. దాని ముందు రెండు పోయాయి గానీ అవి కడుపులోనే. ఇది మాత్రం నా మొహం చూసి నవ్వింది.

అంతా అయ్యాక ఆయన పొలసర వెళ్ళారు. నన్ను రమ్మనలేదు.

రమ్మంటే వెళ్ళేదాన్నే.

సాయంత్రం రైలుకి వచ్చారు. చిన్నమ్మి వీధి చివరిదాకా పరిగెత్తింది. నాలుగేళ్ళ పిల్ల అలా పరిగెడుతుందా, మలుపు దగ్గర పట్టు తప్పకుండా?

ఆగస్టు 5, గురువారం

ఈవేళ బడికి సగం రోజే. చెప్పకుండా పెందలాడే వచ్చాను. చెప్పకుండా రావాలనే వచ్చాను.

పెరటి తలుపు సందులోంచి చూశాను. బొగ్గుతో గళ్ళు గీసుకుని చిన్నమ్మి తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఒంటికాలి మీద ఎనిమిది గళ్ళు దాటింది. చివర తిరిగి, వంగి, కాలు దించకుండా బిళ్ళ తీసుకుని మళ్ళీ ఎనిమిదీ దాటింది. పక్కన పీట మీద అత్తయ్య కూర్చుని చప్పట్లు కొడుతోంది.

తలుపు తోశాను. పిల్ల నన్ను చూసి, నిలబడ్డ చోటే కూలబడింది. పడినట్టు. మోకాలు పట్టుకుని, "పడిపోనాను పెద్దమ్మా," అంది.

ఇంత పిల్లకి ఇంత నటన ఎవరు నేర్పారు?

గోడకి బొగ్గుతో రాసి ఉంది, ఒరియా అక్షరాల్లో: బాలామణి. వంకర లేదు. పొలసరలో బడికి వెళ్ళిందన్నమాట. ఏ పాఠశాలలోనూ రెండేళ్ళ పిల్లని, మూడేళ్ళ పిల్లని చేర్చుకోరు.

తడిగుడ్డ తెచ్చి తుడిచేశాను. ఎందుకు తుడిచానో తెలియదు. ఈయనకి చూపించాల్సింది.

ఆగస్టు 15, ఆదివారం

నిన్న అడుగుదామని గట్టిగా అనుకున్నాను. అరుగు మీద కూర్చుని పిల్లకి మొలుస్తున్న జుట్టుకి నూనె రాస్తున్నారు. చెవి వెనకాల కూడా. ఇన్నేళ్ళ కాపురంలో ఆ చేత్తో నా తలకి నూనె రాయలేదు.

అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం వేసింది.

ఆగస్టు 17

ఈ నెలా లేదు. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వచ్చే వారం వెళ్తాను.

ఆగస్టు 31

వచ్చే వారం వెళ్తాను.

సెప్టెంబరు 14, మంగళవారం

వెళ్ళాను. పెద్దాసుపత్రి కాదు, విడిగా చూసే ఒరియా డాక్టరమ్మ. నా కంటే చిన్నది. చేతులు చల్లగా ఉన్నాయి. పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీకు ఏ జబ్బూ లేదమ్మా. కడుపు కాదు. ఆగిపోయాయంతే. కొందరికి నలభై రెండుకే ఆగుతాయి. ఆవిర్లు ఇంకా కొన్నాళ్ళు వస్తాయి. ఆడపిల్ల పెద్దమనిషైనప్పుడు ఎలాగో, ఇదీ అలాగే. ఒంటికి ఇదో మలుపు."

సరే అన్నాను. పెద్దమనిషైనప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని అన్నీ చెప్పింది. చిమ్మిలి పెట్టింది, పేరంటం చేసింది. దీనికి పేరంటం లేదు.

ఇంటికొచ్చేసరికి చిన్నమ్మి అత్తయ్యకి అన్నం పెడుతోంది. అత్తయ్య బుద్ధిగా నోరు తెరుస్తోంది. నేను పెడితే ఉమ్మేస్తుంది.

"నీ పని నువ్వు చూసుకో," అని కంచం లాక్కున్నాను.

సెప్టెంబరు 16

"అబద్ధాలాడే పిల్లల్ని ఈ ఇంట్లో ఉంచుకోం," అన్నాను చిన్నమ్మితో. ఏ సందర్భం లేదు. జడ వేసుకుంటూ అద్దంలోంచి అన్నాను.

అలా అనకూడదేమో. అయినా ఉన్న మాటే కదా.

సెప్టెంబరు 19

పాలావిడ దూడని తీసుకొస్తే అత్తయ్య దాని మెడ కౌగిలించుకుని, "అచ్చం మా అబ్బాయి మొహమే," అంది. కామాక్షమ్మగారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ మాట పట్టుకుని మూడు నెలలుగా నుదుళ్ళు కొలుస్తున్నాను.

కానీ వయసు మాటో? దానికి అత్తయ్య సాక్ష్యం అక్కర్లేదు.

అక్టోబరు 3, ఆదివారం

పిల్ల అన్నం ఒక పక్కనే నములుతోంది. నోరు తెరువు చూస్తానంటే పెదాలు బిగించేసింది. ఈయన, "వదిలెయ్యవే, గోల ఎందుకు," అన్నారు.

ఇద్దరూ ఒకటి.

అక్టోబరు 18, సోమవారం. ఆస్కా

దసరా సెలవులు. నాతో ట్రైనింగు చదివిన వాసవీకుమారి ఆస్కాలో టీచరు, చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. అబద్ధం కాదు, రాత్రికి ఇక్కడే దిగాను. పొలసర వెళ్ళి వచ్చానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళాను.

బస్సులో ఆస్కా దాటాక ఎవరిని అడగాలో, ఏమని అడగాలో లోపల అనుకుంటూనే ఉన్నాను. అక్కర్లేకపోయింది. తెలుగు గుమాస్తాల ఇళ్ళు ఎక్కడని అడిగితే అందరూ ఒకటే పేరు చెప్పారు: కాసులమ్మ. మంత్రసాని. ఆ వీధిలో పిల్లలందరూ ఆవిడ చేతుల మీదే పుట్టారుట.

అరవై పైబడ్డ మనిషి. ఫలానా వారి భార్యనని చెప్పగానే చాప వేసింది.

"బీమేస్పరరావు బాబుగారి బారీ? ఎన్నాళ్ళకొచ్చినావమ్మా! అప్పుడే వొస్తావని సూసినాం. సిన్నమ్మి బాగుందా? అన్నం తింతందా?"

"బాగుంది. ఎప్పుడు పుట్టింది కాసులమ్మా అది?"

"బాదరపదంలో. వినాయక చవితెల్లిన నాలుగోనాడు. ఆరేళ్ళు నిండిపోనాయి గదా."

ఆరు. బల్ల గుద్ది చెప్పినట్టు చెప్పింది. గెలిచాననిపించింది ఒక్క క్షణం.

"అప్పుడు మా ఇంటాయన ఈ ఊళ్ళోనే ఉన్నారు కదా."

"ఉన్నారు. ఆ బాబే గదా ఈలకి ఇల్లు సూసిపెట్టినారు. ఆ పిల్ల తల్లి ఈ ఊరు ఏడో నెల కడుపుతోటి వొచ్చిందమ్మా, గంజాం నుంచి ఎడ్లబండి మీద. పోతయ్య బండి. కుదుపులకి నొప్పులొచ్చేత్తాయని నాను బయపడిపోనాను. బాబూరావు బాబు బండెనక నడిసొచ్చినారు, బండి తేలిగ్గుంటాదని."

వాళ్ళు ఏడో నెలలో వచ్చారు. అంతకు ముందు ఈ ఊళ్ళో లేరు. నా లెక్క మొత్తం కూలిపోయింది.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఇది నేనే చదువుకునే పుస్తకం కాబట్టి. ఆ మాట విన్న మరుక్షణం నా మనసు ఏం చేసిందంటే, పొలసర నుంచి గంజాం ఎంత దూరమో లెక్క వేసింది. ఆయన ఆ రోజుల్లో గంజాం క్యాంపు వెళ్ళారా అని వెతికింది. దానికి ఇంకో దారి కావాలి, అంతే. ఏ దారైనా సరే.

కాసులమ్మ నా మొహం చూస్తూనే ఉంది. ముసలిది, ఎంతమంది ఆడవాళ్ళని చూసి ఉంటుందో.

"ఏటమ్మా? ఏటనుకుంతన్నావు?"

చాప ఈనె పీకుతూ కూర్చున్నాను.

"ఓలమ్మా," అంది నెమ్మదిగా. "అది అడగడానికొచ్చినావా? ఆ బాబు ఇక్కడున్నన్నాళ్ళూ సందేళ ఆ అరుగు మీద కూకుని నీకు ఉత్తరాలు రాసీవోరు. మా అందరికీ తెలుసు. బారీ వొస్తాది, వొస్తాదని కుండలు కూడా కొనిపించినారు నాసేత. బాబూరావు బాబు ఆట పట్టించీవోరు. నువ్వు రానేదు."

రాలేదు. మూడు ఉత్తరాలు వచ్చాయి నాకు. రమ్మనే రాశారు. నాలుగోది కూడా వచ్చింది, అది విప్పలేదు. జూలైలో ఈ పుస్తకంలోనే 'నన్ను రమ్మనలేదు' అని రాశాను. వెనక్కి తిప్పి చూశాను, అలాగే ఉంది.

ఆ ఉత్తరాలు ఎందుకు మరిచిపోయానో నాకు తెలుసు. పాప జ్వరం పడ్డ రోజు ఆయన డాక్టరుని పిలుస్తానంటే రేపు చూద్దామన్నది నేను. ఆయన ఎదురుగా ఎలా కూర్చోను? రానందుకు ఆయన నన్ను మరిచిపోయి ఉండాలని, ఇంకొకరు దొరికి ఉండాలని, అలాగైతే ఇద్దరం సమానమని... ఇక రాయలేను.

లేస్తూంటే కాసులమ్మ చెంగు పట్టుకుంది. "సిన్నమ్మి పదో నెల్లోనే నడిసేసిందమ్మా. నా పొట్లపాదు దగ్గరే మొదటడుగు ఏసింది. తల్లి పోనప్పుడు నాలుగేళ్ళు. అప్పుట్నుంచీ ఏడవడం మానేసింది. ఏడిపించమ్మా దాన్ని. ఏడిత్తే మంచిది."

అక్టోబరు 20, బుధవారం. బరంపురం

నిన్న సాయంత్రం వచ్చాను. పిల్లతో ఎలా మాట్లాడాలో తెలియక మాట్లాడలేదు.

ఈవేళ పొద్దున్న పక్క ఎత్తుతుంటే దాని దిండు మీద నెత్తురు. అరచేయంత మరక. ఎక్కడుందా అని వెతికితే పెరట్లో, నూతి గట్టు వెనకాల నక్కి కూర్చుంది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. గడ్డం మీద నెత్తురు ఎండిపోయి ఉంది.

"ఏమైంది? చూపించు."

తల అడ్డంగా ఊపింది. గుడ్డ బలవంతంగా తీశాను. కింద ముందు పన్ను లేదు. ఊడి పడిన పన్ను కాదది. పంటి చిగురు చీరుకుపోయి ఉంది. పీకేసుకుంది. కదులుతున్న పన్ను ఇంకా బలంగా ఉండగానే, దారం కట్టుకుని, ఒక్కతీ పీకేసుకుంది.

"ఎందుకమ్మా? దానంతట అది ఊడేదాకా ఆగకుండా?"

"ఊడనేదు పెద్దమ్మా. నాకు పన్ను ఊడనేదు."

"మరి ఇదేమిటి?"

"పడిపోనాను. నూతి కాడ పడిపోనాను. నాలుగేళ్ళోలకి పళ్ళు ఊడవు గదా. నాకు నాలుగే." నాలుగు వేళ్ళు చూపించింది. వేళ్ళకి నెత్తురు. "నాకు నాలుగే పెద్దమ్మా. నానబద్దం ఆడనేదు."

చెంగు తడిపి దాని వేళ్ళు తుడిచాను.

నాలుగు నెలలు. ఇంత పిల్ల నాలుగు నెలలుగా తెల్లారి లేచింది మొదలు చిన్నదానిలా నడిచి, చిన్నదానిలా గీసి, వచ్చిన పని రానట్టు చేసి, కాలు దించకుండా ఎనిమిది గళ్ళు దాటే పిల్ల నన్ను చూసినప్పుడల్లా కింద పడింది. పిల్లలు ఎదగడానికే ఉంటారు. ఎదుగుతున్న ఒంటిని ఎదగొద్దని ఇది అదిమి పట్టుకుంది. ఒళ్ళు వినలేదు, పన్ను కదిలింది. దాన్ని కూడా పీకి పారేసింది. నేను చేసిందల్లా తలుపు సందులోంచి చూసి, దొంగ దొరికిందనుకోవడం.

"చిన్నమ్మీ, నీకు ఆరేళ్ళు. భాద్రపదంలో నిండాయి. నాకు తెలుసు. కాసులమ్మ చెప్పింది."

కాసులమ్మ పేరు వినగానే దాని కళ్ళు పెద్దవయ్యాయి. "మరైతే ఎల్లిపోవాలా?"

"ఎక్కడికి?"

"ఏమో."

ఏడ్చింది అప్పుడు. నోరంతా తెరిచి, ఉమ్మీ నెత్తురూ కలిసి కారుతూ. ఆపమనలేదు నేను. అత్తయ్య లోపల్నుంచి, "ఎవరే ఆ ఏడ్చేది, పాలివ్వండే," అని అరుస్తోంది.

అక్టోబరు 23, శనివారం

ఈయన్ని కాళ్ళు కడుక్కోనివ్వలేదు.

"పిల్ల చేత అబద్ధం ఎందుకు ఆడించారు?"

పిల్ల నోరు చూశారు. నా మొహం చూశారు. అరుగు మీద కూర్చుండిపోయారు, చెప్పులతోనే.

"పొలసర వెళ్ళాను," అన్నాను.

"వెళ్తావని అనుకున్నాను," అన్నారు. "ఆరేళ్ళని చెబితే నువ్వు లెక్కపెడతావు. నీ సంగతి నాకు తెలియదా? లెక్క సరిగ్గా ఆ రెండేళ్ళ మీదే వచ్చి ఆగుతుంది. ఏం చెప్పినా నువ్వు నమ్మవు. అందుకని రెండేళ్ళు తీసేశాను. అదొకటి."

"ఇంకొకటి?"

"ఆరేళ్ళదంటే పెరిగిపోయిన పిల్ల అంటావని. నాలుగైతే ఇంకా ఎత్తుకునే వయసు, అన్నం కలిపి పెట్టే వయసు. నీకు అది కొంచెమైనా..." ఆగిపోయారు. "పిల్లకి నేను చెప్పిందల్లా నాలుగని చెప్పమనే. ఇంత చేస్తుందనుకోలేదు."

"నాతో ఒక మాట చెప్పొచ్చుగా."

"నువ్వు పొలసర రాలేదు భారతీ. ఆ తరవాత నీకు ఏది చెప్పాలన్నా భయమే."

ఆ మాటకి జవాబు నా దగ్గరుంది. ఏడేళ్ళుగా ఉంది. డాక్టరుని రేపు పిలుద్దామన్నది నేనేనని, అందుకే రాలేదని చెప్పాను. నోట్లోంచి వచ్చాక చాలా చిన్న మాటలా వినిపించింది.

"తెలుసు," అన్నారు. "ఆ రోజు సరేనన్నది నేను కాదూ?"

లోపల అత్తయ్యా చిన్నమ్మీ ఏదో పాడుకుంటున్నారు. ఇద్దరికీ మాటలు సరిగా రావు ఇప్పుడు, ఒకరికి పన్ను లేక, ఒకరికి పళ్ళే లేక.

ఈయన మీద కోపం పోలేదు. వారం పాటు మాట్లాడనని చెప్పాను. సరేనన్నారు.

అక్టోబరు 29

అనుమానం పోయిందా అని ఈవేళ నన్ను నేనే అడిగి చూసుకున్నాను. పూర్తిగా పోలేదు. గంజాం ఎంత దూరం అని ఇంకా ఒక్కోసారి లోపల మనసు అడుగుతుంది. జవాబు చెప్పడం మానేశాను.

నవంబరు 8, సోమవారం

ఈవేళ చిన్నమ్మిని బడిలో చేర్చాను. హెడ్ మిస్ట్రెస్ కొత్త రిజిస్టరు తీశారు. ఒరిస్సా ప్రభుత్వం అని అచ్చయినది. పేరు: బాలామణి. తండ్రి: కీర్తిశేషులు బాబూరావు. ఆ పేరు నేనే చెప్పాను, తడుముకోకుండా. వయసు దగ్గర ఆవిడ కలం ఆగింది.

"ఆరా? అంత కనిపించదే భారతీదేవీ. అయిదని రాయనా? ఒక ఏడాది కలిసొస్తుంది."

"ఆరు రాయండి," అన్నాను.

ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. నా క్లాసు కాదు. గోడ అవతల. మధ్యాహ్నం దాకా దాని గొంతు వినిపిస్తుందేమోనని చెవి అటే పెట్టి ఉన్నాను. మూడో పీరియడులో వినిపించింది, అందరికంటే గట్టిగా, ఎక్కం అప్పజెబుతూ.

సాయంత్రం ఇంటికి వస్తుంటే వెనకబడింది. మొదటి రోజు కదా, అలిసిపోయింది. ఆగి చూస్తే పలక ఈడ్చుకుంటూ వస్తోంది.

"ఎత్తుకోనా?" అన్నాను.

వీధిలో అటూ ఇటూ చూసింది. "ఆరేళ్ళోలని ఎత్తుకోరు గదా పెద్దమ్మా."

"ఎవరు చెప్పారు?"

కాసేపు ఆలోచించింది. ఎవరూ చెప్పలేదు కాబోలు. చేతులు చాచింది.

ఎత్తుకున్నాను. బరువు. కాళ్ళు నా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. పలక నా వీపుకి కొట్టుకుంటోంది. కొట్ల దగ్గర కూర్చున్నవాళ్ళు చూశారు, ఇంత పిల్లని ఈవిడెందుకు మోస్తోందని. రెండు వీధులు దాటేసరికి నాకు ఆయాసం వచ్చింది, ఒళ్ళంతా ఆవిర్లు. చెమట దాని చెంపకి అంటుకుంది.

"దింపీ పెద్దమ్మా, నాను నడుస్తాను," అంది.

"ఇల్లు వచ్చేస్తోంది," అన్నాను. ఇంకా రెండు వీధులున్నాయి.